ఎదురుకాళ్ళ కాన్పు – చివర వచ్చే తల

గర్భంలో బిడ్డ తల పైకి ఉండి, పిరుదులో కాళ్ళో ముందుగా కాన్పు దారిలోకి దిగితే దాన్ని వైద్యులు బ్రీచ్ అంటారు, ఊళ్ళలో ఎదురుకాళ్ళు అంటారు. ఏడో నెల మొదట్లో, అంటే 28 వారాలప్పుడు, ప్రతి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు ఇలాగే ఉంటారు. అప్పటికి గర్భసంచిలో చోటు ఎక్కువ, ఉమ్మనీరు ఎక్కువ, బిడ్డ చిన్నది. తర్వాతి వారాల్లో చాలామంది తమంతట తామే తల కిందికి తిప్పుకుంటారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురు మాత్రమే అలా మిగిలిపోతారు. ఏడో నెల స్కానింగ్ కాగితంలో బ్రీచ్ అన్న మాట కనిపించగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తడం ఈ లెక్క తెలియకే. 36 వారాల ముందు ఆ మాటకు పెద్ద విలువ లేదు.

నెలలు నిండిన బ్రీచ్‌లలో మూడింట రెండు వంతుల దాకా బిడ్డ కాళ్ళు మోకాళ్ళ దగ్గర మడవకుండా పొట్ట మీదుగా నిటారుగా పైకి చాచి, పాదాలు ముఖం దగ్గర పెట్టుకుని ఉంటుంది. పిరుదులు మాత్రమే ముందుకు దిగుతాయి. మరికొందరు బాసింపట్టు వేసుకున్నట్టు మోకాళ్ళు మడిచి కూర్చుంటారు. నిజంగా పాదమే ముందు దిగేది తక్కువమందిలో, అదీ ఎక్కువగా నెలలు నిండని కాన్పుల్లో. ఈ తేడాలు పుస్తకాల కోసం పెట్టుకున్నవి కావు. నిండైన పిరుదులు గర్భాశయ ముఖద్వారాన్ని బాగా మూసి ఉంచుతాయి కాబట్టి బొడ్డుతాడు జారే అవకాశం నూటికి అర వంతుకు మించదు, తల ముందున్న కాన్పులో ఎంతో దాదాపు అంతే. పాదం ముందు దిగితే చుట్టూ ఖాళీ మిగిలి, దాదాపు 15 శాతం మందిలో తాడు జారుతుంది. అందుకే పాదం ముందున్న బ్రీచ్‌కు మామూలు కాన్పు చేద్దామని ఏ నియమావళీ చెప్పదు.

బిడ్డ ఎందుకు తిరగదన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు దొరకదు. గర్భసంచి పైభాగం వెడల్పు, కిందిభాగం ఇరుకు. నెలలు నిండిన బిడ్డలో తల ఒక్కటి కన్నా పిరుదులూ మడిచిన కాళ్ళూ కలిసి ఎక్కువ చోటు అడుగుతాయి, కాబట్టి అవి పైకి చేరి తల కిందికి సర్దుకుంటుందని సాధారణ వివరణ. ఈ సర్దుబాటుకు అడ్డొచ్చేది ఏదైనా బ్రీచ్‌కు కారణమే: గర్భసంచిలో అడ్డుగోడ, కింద పెరిగిన గడ్డ, కిందికి దిగిన మాయ, ఉమ్మనీరు మరీ తక్కువ కావడం, మరీ ఎక్కువై బిడ్డ నిలకడ లేకుండా తిరగడం, కవలలు, బిడ్డ తలలో నీరు చేరడం. నెలలు నిండకపోవడం వీటన్నిటికన్నా పెద్ద కారణం. తల్లి పడుకున్న తీరు, మోసిన బరువు, గ్రహణం నాడు చేసిన పని ఈ జాబితాలో లేవు. బ్రీచ్ అని తేలగానే అత్తవారింట్లో కోడలి నడవడి మీదికి చూపు మళ్ళే అలవాటు ఇంకా పోలేదు కనుక ఈ మాట చెప్పక తప్పదు.

ఇలా పుట్టినవారి చుట్టూ నమ్మకాలు అన్ని దేశాల్లోనూ అల్లుకున్నాయి. కాళ్ళతో పుట్టడం ప్రకృతికి విరుద్ధమని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అలా పుట్టినవారికి అగ్రిప్ప అన్న పేరుండేదనీ, వారిలో అదృష్టవంతుడు మార్కస్ అగ్రిప్ప ఒక్కడేననీ, నీరో చక్రవర్తి కూడా అలాగే పుట్టాడనీ అతని మాట. తెలుగు నాట నమ్మకం ఇంతకన్నా దయగలది. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకుంటే పోతుందంటారు. నడుం సంగతి ఎలా ఉన్నా, వైద్యం అంతగా లేని రోజుల్లో అలా పుట్టి బతికి బట్టకట్టిన మనిషికి ఊరు ఇచ్చిన గౌరవంగా దాన్ని చూడవచ్చు.

వైద్యగ్రంథాలు మాత్రం మొదటి నుంచీ దీన్ని చేతిపనిగానే చూశాయి. సుశ్రుతసంహిత నిదానస్థానం ఎనిమిదో అధ్యాయంలో మూఢగర్భం, అంటే దారిలో చిక్కుకుపోయిన గర్భం, ఎన్ని రీతులో చెప్పి, చికిత్సాస్థానం పదిహేనో అధ్యాయంలో చేయవలసిన పని చెబుతుంది. రెండు తొడలూ ముందుకొస్తే ఉన్న దారినే తీయాలి. ఒక తొడే వస్తే రెండోదాన్ని చాచి తీయాలి. పిరుదులు వస్తే వాటిని పైకి నెట్టి, కాళ్ళు చాచి అప్పుడు తీయాలి. ఈ పనంతా కంటికి కనిపించకుండా చేతి స్పర్శ మీదే చేయవలసింది కనుక, ముందుగా ఇంటి పెద్దను అడిగి మొదలుపెట్టమని కూడా ఆ అధ్యాయం హెచ్చరిస్తుంది. సమ్మతి పత్రం ఆనాటి రూపం అదే, సంతకం చేయవలసింది తల్లి కాకపోయినా.

ఐరోపాలో 16వ శతాబ్దంలో ఆంబ్రోయిజ్ పారే, పాత గ్రీకు వైద్యుడు సోరానస్ చెప్పిన పద్ధతిని మళ్ళీ వాడుకలోకి తెచ్చాడు: బిడ్డ అడ్డం తిరిగి ఉంటే లోపలికి చెయ్యి పెట్టి, కాళ్ళు పట్టుకుని బయటికి తీయడం. ఫోర్సెప్స్ వాడుకలోకి రాకముందు తలను పట్టుకుని లాగే సాధనం లేదు, చేతికి దొరికే పట్టు కాళ్ళే. ఈనాడు భయపెట్టే ఎదురుకాళ్ళ కాన్పును రెండు శతాబ్దాల పాటు వైద్యులు తల్లిని బతికించడానికి కావాలని తెచ్చిపెట్టుకున్నారు.

ఇంతకూ ప్రమాదం ఎక్కడుంది? తల ముందు వచ్చే కాన్పులో బిడ్డ శరీరంలో అన్నిటికన్నా పెద్దదీ గట్టిదీ అయిన భాగం ముందుగా దారి చేసుకుంటుంది. గంటల తరబడి నొప్పుల ఒత్తిడికి పుర్రె ఎముకలు ఒకదాని మీదికి ఒకటి జరిగి తల దారికి తగినట్టు సాగుతుంది. తల బయటపడ్డాక మిగిలింది సులువు. బ్రీచ్‌లో ఈ వరుస తలకిందులవుతుంది. మెత్తని భాగాలు ముందు వచ్చి, తల చివర వస్తుంది. అది సాగడానికి గంటలు ఉండవు, నిమిషాలే. బొడ్డు బయటికి వచ్చిందంటే తల కటిలోకి దిగుతోందని అర్థం. బొడ్డుతాడు ఆ తలకూ తల్లి ఎముకకూ మధ్య నలుగుతుంది. మాయ నుంచి రక్తం అందదు, ముఖం లోపలే ఉంది కనుక గాలీ అందదు. పిరుదులు పుట్టాక ఐదు నిమిషాల్లో, బొడ్డు పుట్టాక మూడు నిమిషాల్లో తల రాకపోతే చెయ్యి వేయాలని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజ్ వారి 2017 నియమావళి చెబుతుంది.

నెలలు నిండని బిడ్డలో ఇది ఇంకా కష్టం. వాళ్ళ పిరుదులు తల కన్నా బాగా చిన్నవి. ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ఒళ్ళు జారిపోతుంది, తల ఆ ఇరుకులో చిక్కుకుంటుంది.

ఇక్కడ మనిషికి సహజంగా పుట్టే ఆలోచన, కనిపిస్తున్న కాళ్ళు పట్టుకుని లాగడం. బ్రీచ్ కాన్పులో జరిగే కీడులో పెద్ద పాలు ఈ లాగడంలోనే ఉంది. బిడ్డ గడ్డం ఛాతీకి ఆని, తల వంగి ఉన్నప్పుడు దారిలోకి వచ్చే కొలత దాదాపు 9.5 సెంటీమీటర్లు. కింది నుంచి లాగితే గడ్డం పైకి లేచి తల వెనక్కి వాలుతుంది, కొలత 11 సెంటీమీటర్లు దాటుతుంది. ఛాతీ మీద మడిచి ఉన్న చేతులు కూడా తల పక్కకో మెడ వెనక్కో లేచిపోతాయి. అప్పటిదాకా పట్టే దారి అప్పుడు పట్టదు. తల్లి నొప్పులే బిడ్డను కిందికి నెడితే గడ్డం వంగే ఉంటుంది. అందుకే భుజాల దాకా చెయ్యి వేయవద్దన్నదే ఈ కాన్పులో మొదటి పాఠం. చదవడానికి సులువు. కళ్ళ ముందు నీలిరంగు తిరుగుతున్న కాళ్ళు వేలాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఏళ్ళ సాధన మీద గానీ అబ్బదు. ఇంకో చిన్న సంగతి: పిరుదులు నలుగుతాయి కనుక బిడ్డ దారిలోనే మలం పోస్తుంది. తల ముందున్న కాన్పులో ఆందోళన పడవలసిన ఆ గుర్తు, ఇక్కడ చివరి దశలో చాలాసార్లు మామూలే.

చెయ్యి వేయవలసి వచ్చినప్పుడు ఎలా వేయాలో కొన్ని తరాల వైద్యులు కలిసి తేల్చారు. ఫ్రెంచి వైద్యుడు మోరిసో 1668లో అచ్చువేసిన గ్రంథం, 18వ శతాబ్దపు స్కాట్లాండ్ వైద్యుడు స్మెలీ, 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు ఫైట్ – ముగ్గురి పేర్లూ ఒకే పట్టుకు నిలిచాయి. బిడ్డను ముంజేతి మీద పడుకోబెట్టి, ఆ చేతి వేళ్ళు చెంప ఎముకల మీద ఆనించి, రెండో చేతి వేళ్ళతో తల వెనకభాగాన్ని నొక్కి, తల వంగి ఉండేలా దించడం ఆ పట్టు. పైకి లేచిన చేతులను లాగకుండా, బిడ్డ తుంటి ఎముకలను పట్టుకుని ఒళ్ళంతా సగం చుట్టు తిప్పితే భుజం దానంతటదే కిందికి వస్తుందని నార్వేకు చెందిన లోవ్‌సెట్ 1937లో చూపాడు. ఫిలడెల్ఫియా వైద్యుడు పైపర్ 1920ల్లో చివర వచ్చే తల కోసమే ప్రత్యేకంగా వంపు తిరిగిన ఫోర్సెప్స్ చేయించాడు. వీటన్నిటిలోనూ పట్టు ఎముక మీదే, పొట్ట మీద కాదు. పొట్ట పట్టుకుంటే కాలేయం చితుకుతుంది.

చేతులు పైకి లేస్తే ఏమవుతుందో చరిత్రలో అందరికీ తెలిసిన ఉదాహరణ జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్. 1859 జనవరి 27న బెర్లిన్‌లో పుట్టాడు. తల్లి బ్రిటన్ రాణి విక్టోరియా పెద్ద కూతురు, వయసు 18, తొలి కాన్పు. బిడ్డ పిరుదులతో దిగాడు, ఒక చెయ్యి తల పక్కకు లేచి ఉంది. ప్రసూతి వైద్యాచార్యుడు ఎడువర్డ్ మార్టిన్‌కు కబురు ఆలస్యంగా అందింది. ఆయన వచ్చేసరికి తల్లి అలిసిపోయి ఉంది. క్లోరోఫాం ఇచ్చి, ఎడమ చేతిని బలవంతంగా దించి బిడ్డను తీశారు. పుట్టిన బిడ్డ కదల్లేదు, కాసేపు తట్టి రుద్దితే గానీ ఏడవలేదు. ఎడమ చెయ్యి చచ్చుబడిందని కొన్ని రోజులకు గానీ గమనించలేదు. మెడ దగ్గర చేతికి వెళ్ళే నరాలు సాగి దెబ్బతినడమే కారణమని ఎక్కువమంది అభిప్రాయం. పెద్దయ్యాక ఆ చెయ్యి కుడిచేతి కన్నా దాదాపు 15 సెంటీమీటర్లు పొట్టి. ఫోటోల్లో అది ఎప్పుడూ కత్తిపిడి మీదో, చేతితొడుగు పట్టుకునో కనిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ చేతినే కారణంగా చూపే రాతలు చాలా వచ్చాయి. అవి చరిత్ర కన్నా కథకే దగ్గర. మార్టిన్‌ను తప్పుపట్టడం కూడా సులువే గానీ, ఆ రోజుల్లో అలాంటి కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ బతకడమే గొప్ప.

బ్రీచ్‌ను ముందుగా గుర్తించడానికి యంత్రం కన్నా ముందు చెయ్యి ఉంది. పొట్ట పైభాగంలో గుండ్రంగా, గట్టిగా, వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడేది తల. పిరుదులు మెత్తగా ఉంటాయి, ఒళ్ళుతో కలిసి కదులుతాయి. గుండె చప్పుడు తల్లి బొడ్డుకు పైన వినిపిస్తుంది. తల్లి కూడా పక్కటెముకల కింద ఏదో గట్టిగా ఒత్తుతోందనీ, తన్నులు కింద తగులుతున్నాయనీ చెబుతుంది. ఆ మాట వినడం పరీక్షలో భాగమే. చెయ్యి పొరబడే సందర్భాలు, ముఖ్యంగా కాళ్ళు నిటారుగా చాచిన బ్రీచ్‌లో, తక్కువేమీ కాదు. కాబట్టి 36 వారాలకు అనుమానం ఉంటే స్కానింగ్ చేయించాలి.

తేలాక మొదటి అడుగు బిడ్డను బయటి నుంచి తిప్పడం. తొలి కాన్పు అయితే 36 వారాలకు, అంతకుముందు కన్నవారికి 37 వారాలకు చేస్తారు. గర్భసంచి వదులయ్యేందుకు టెర్బుటలిన్ లాంటి మందు ఇచ్చి, పిరుదులను కటిలోంచి పైకి లేపి, తలను నెమ్మదిగా పల్టీ కొట్టించినట్టు కిందికి తెస్తారు. ముందూ వెనకా బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే యాంటీ-డి సూది వేస్తారు. మొత్తం మీద సగం మందిలో బిడ్డ తిరుగుతుంది, తొలిచూలు వారిలో కొంచెం తక్కువ, మిగతావారిలో కొంచెం ఎక్కువ. తిరిగిన బిడ్డ మళ్ళీ వెనక్కి మళ్ళడం అరుదు. దాదాపు రెండువందల మందిలో ఒకరికి వెంటనే సిజేరియన్ అవసరపడుతుంది, అందుకే ఈ పని ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రిలోనే చేయాలి. ఇంట్లో నూనె రాసి పొట్ట పిసికి తిప్పించడం దీనికి బదులు కాదు. మాయ ఎక్కడుందో తెలియకుండా, గుండె చప్పుడు వినకుండా పొట్ట మీద బలం పెడితే మాయ ఊడి రక్తం పోయే ప్రమాదం ఉంది. మాయ కిందికి ఉన్నవారికీ, రక్తస్రావం అయినవారికీ, కవలలు ఉన్నవారికీ ఆసుపత్రిలో కూడా తిప్పరు.

తిరగకపోతే మిగిలేవి రెండు దారులు. వాటి మధ్య తూకం 2000 అక్టోబరులో ఒక్కసారిగా ఒక పక్కకు ఒరిగింది. కెనడా వైద్యురాలు మేరీ హన్నా బృందం 26 దేశాల్లో, 121 కేంద్రాల్లో, 2088 మంది స్త్రీలను రెండు జట్లుగా చీటీ పద్ధతిలో విడదీసి జరిపిన టర్మ్ బ్రీచ్ ట్రయల్ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ముందే నిర్ణయించి సిజేరియన్ చేసిన జట్టులో బిడ్డ చనిపోవడం లేదా తీవ్రంగా దెబ్బతినడం 1.6 శాతం, మామూలు కాన్పుకు వదిలిన జట్టులో 5 శాతం. తల్లుల విషయంలో అప్పటికి తేడా కనిపించలేదు. నెదర్లాండ్స్‌లో బ్రీచ్‌కు సిజేరియన్లు రెండు నెలల్లోనే 50 శాతం నుంచి 80 శాతానికి చేరాయి. వైద్యచరిత్రలో ఒక్క వ్యాసం ఇంత తొందరగా ఇన్ని ఆసుపత్రుల అలవాటును మార్చిన సందర్భాలు తక్కువ.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. కొన్ని కేంద్రాల్లో కాన్పు చేసినవారికి తగిన అనుభవం లేదు, కొందరికి స్కానింగ్ లేదు. అదే పరిశోధనలోని బిడ్డలను రెండేళ్ళ వయసులో చూస్తే మరణమూ ఎదుగుదల లోపమూ కలిపి సిజేరియన్ జట్టులో 3.1 శాతం, రెండో జట్టులో 2.8 శాతం, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. 2006లో ఫ్రాన్స్, బెల్జియం దేశాల్లోని 174 ఆసుపత్రుల నుంచి 8 వేలకు పైగా బ్రీచ్ కాన్పుల లెక్క వచ్చింది. ఎవరికి మామూలు కాన్పు చేయవచ్చో జాగ్రత్తగా ఎంచి, అలవాటైన చేతులతో చేసే ఆ చోట్ల రెండు పద్ధతుల మధ్య ముఖ్యమైన తేడా కనబడలేదు. అలాగని 2000 నాటి పరిశోధనను కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. అదే నెదర్లాండ్స్‌లో నెలలు నిండిన బ్రీచ్ బిడ్డల మరణాలు 0.35 శాతం నుంచి 0.18 శాతానికి తగ్గాయి. అదే దేశంలో 2000–2002 మధ్య బ్రీచ్ కోసం ముందుగా నిర్ణయించి చేసిన సిజేరియన్ల తర్వాత నలుగురు తల్లులు చనిపోయిన సంగతీ నమోదైంది. రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టి చూడవలసినవి. బ్రిటన్ 2017 నియమావళి తల్లులకు చెప్పమన్న అంకెలు ఇవి: 39 వారాల తర్వాత సిజేరియన్ అయితే వెయ్యికి 0.5 బిడ్డ మరణాలు, మామూలు బ్రీచ్ కాన్పు తలపెడితే వెయ్యికి 2, తల ముందున్న మామూలు కాన్పుకు వెయ్యికి 1. తేడా ఉంది, కానీ కుటుంబాలు అనుకునేంత అగాధం కాదు. పైగా ఈ లెక్కలో తర్వాతి గర్భం లేదు. కోత పడిన గర్భసంచిలో మాయ ఆ మచ్చలోకి నాటుకుపోయే ముప్పు ఒక్కో సిజేరియన్‌తో పెరుగుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చకు మరో రంగు ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం, దేశంలోనే అత్యధికం. బ్రీచ్‌లన్నిటికీ పెద్దాపరేషన్ చేసినా మొత్తం కాన్పుల్లో వాటి పాలు మూడు నాలుగు శాతానికి మించదు. కోతలు తగ్గించాలన్న ఉద్యమం బ్రీచ్ మీద మొదలుపెట్టవలసిన అవసరం లేదు. మొదలుపెట్టవలసింది బిడ్డను తిప్పే ప్రయత్నం దగ్గర. అది ఆసుపత్రిలో మామూలు పనిగా మారితే తొలి కోతలు కొన్నయినా తగ్గుతాయి.

అసలు చిక్కు వేరు. పిరుదులు బయటపడే దాకా బ్రీచ్ అని తెలియని కాన్పులు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. నెలలు నిండకుండానే నొప్పులు వచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బల్ల మీదో 108 వాహనంలోనో బిడ్డ దిగుతుంది. అక్కడ సిజేరియన్ చేసే వీలు ఉండదు, ఉన్నవారి చేతులే గతి. అన్నీ ఆపరేషన్‌తోనే తీస్తున్న కాలంలో చదువుకున్న యువ వైద్యులు బ్రీచ్ కాన్పును కళ్ళతో చూడకుండానే పట్టా పుచ్చుకోవచ్చు. దీనికి తెలిసిన మందు బొమ్మ మీద సాధన: రబ్బరు కటి, గుడ్డ బిడ్డ, లోవ్‌సెట్ తిప్పుడు, మోరిసో పట్టు, మళ్ళీ మళ్ళీ. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు ఇస్తున్న మిడ్‌వైఫరీ శిక్షణ లాంటి ప్రయత్నాల్లోనూ, అంబులెన్స్ సిబ్బంది తర్ఫీదులోనూ దీనికి స్థిరమైన చోటు ఉండాలి. ఆపరేషన్ గదిలోనూ ఈ నేర్పు కావాలి. కోసిన గర్భసంచిలోంచి కూడా బ్రీచ్ బిడ్డను అవే పట్లతో తీయాలి, అక్కడ కూడా తల చివరే వస్తుంది.

పుట్టాక చూడవలసింది బిడ్డ తుంటి. నెలల తరబడి కాళ్ళు చాచి కూర్చున్న బిడ్డలో తుంటి కీలు గిన్నె లోతుగా ఏర్పడకపోవచ్చు. ఆడపిల్లల్లో, కాళ్ళు నిటారుగా ఉన్న బ్రీచ్‌లో ఇది ఎక్కువ. సిజేరియన్‌తో పుట్టినా ముప్పు పోదు, ఎందుకంటే అది కాన్పులో వచ్చింది కాదు, గర్భంలో కూర్చున్న తీరులో వచ్చింది. పుట్టిన వెంటనే వైద్యులు తొడలు విప్పి, మడిచి చేసే పరీక్షలో అంతా బాగుందనిపించినా, ఆరు వారాల వయసులో తుంటికి అల్ట్రాసౌండ్ చేయించడం మంచిది. బిడ్డ కాళ్ళు చాపి, గుడ్డలో బిగించి మూటలా చుట్టే అలవాటు ఈ కీలుకు చెరుపు చేస్తుంది. కాళ్ళు ఎడంగా పెట్టి చంకనెత్తుకోవడం మేలు. లోపం మొదటి నెలల్లో తెలిస్తే, కాళ్ళను మడిచి ఎడంగా ఉంచే పావ్లిక్ పట్టీలతో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నడక వచ్చాక కుంటుతూ కనిపిస్తే అప్పుడు ఆపరేషన్ దాకా వెళ్ళవలసి రావచ్చు.